పొద్దున మూడు గంటలు, మిగతా ఇరవై ఒకటి: ఆంథొనీ ట్రోలప్ నవలలు రాసిన తీరు

ఉద్యోగం చేసుకుంటూ మొదటి నవల రాయాలని నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఆంథొనీ ట్రోలప్ సంగతి. 1815లో లండన్‌లో పుట్టి 1882లో చనిపోయిన ఈ ఇంగ్లిష్ నవలాకారుడు 47 నవలలు రాశాడు. వాటిలో బాగా పేరు తెచ్చినవి, బార్సెట్‌షైర్ అనే కల్పిత జిల్లాలో నడిచే ఆరు నవలలూ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తుండగా రాసినవే. ఏ వేళప్పుడు రాసిందీ, వారానికి ఎన్ని పేజీలు రాసిందీ, ఏ పుస్తకానికి ఎన్ని పౌండ్లు ముట్టిందీ, అన్నీ ఆత్మకథలో దాపరికం లేకుండా చెప్పాడు. ఒక నవలాకారుడి పనిని ఇంత దగ్గరగా, అంకెలతో సహా చూసే వీలు అరుదుగా దొరుకుతుంది.

నేనూ ఉద్యోగం చేస్తూనే నవలలు రాసినవాణ్ణి. ఇప్పుడు కొత్తగా రాసేవాళ్ల చిత్తుప్రతులు చదివి, వాళ్లతో కూర్చుని మాట్లాడుతుంటాను. ట్రోలప్ పేరు విన్నవాళ్లలో ఎక్కువమందికి గుర్తుండేది ఆయన బల్ల మీది గడియారం. పదిహేను నిమిషాలకు 250 మాటలు. అది విని కొందరు ఎక్కడలేని ఉత్సాహంతో వెళ్లి అలారం పెట్టుకుంటారు. ఇంకొందరు "ఇదేం సాహిత్యం, గుమాస్తా పని" అని పెదవి విరుస్తారు. రెండు రకాలవాళ్లూ సగమే చూస్తున్నారని నా నమ్మకం. పొద్దున మూడు గంటలు కలం ఆగకుండా నడిచిందంటే, మిగతా రోజంతా ఆ నవల్లోని మనుషులు అతని మనసులో మసలుతూ ఉండబట్టే. గడియారం ఒక్కటీ తెచ్చుకుని ఆ మసలడాన్ని వదిలేస్తే ఏమీ మిగలదు. ఈ వ్యాసంలో నేను చూపించాలనుకుంటున్నది అదే.

ఒంటరి పిల్లాడి అలవాటు

తండ్రి థామస్ ఆంథొనీ లాయరుగా నెగ్గుకురాలేదు. తర్వాత వ్యవసాయం పెట్టుకుని అదీ ముంచుకున్నాడు. కొడుకు చదివింది డబ్బున్నవాళ్ల పిల్లలు చదివే హారో స్కూల్లో. బురద దారుల్లో నడిచి, మాసిన బట్టలతో వచ్చే పేద పిల్లాణ్ణి తోటివాళ్లు ఆటకు పిలిచేవాళ్లు కాదు. ఆడుకోవడానికి ఎవరూ లేని ఆ కుర్రాడు తనలో తాను కథ అల్లుకోవడం మొదలుపెట్టాడు.

పగటికలలు కనని పిల్లలు ఎవరుంటారు? కానీ ట్రోలప్ కన్న తీరు వేరు. ఒకే కథను వారాల తరబడి, నెలల తరబడి, తనకు గుర్తున్నంతవరకు ఏళ్ల తరబడి నడిపించేవాడట. దానికి కట్టుబాట్లు పెట్టుకున్నాడు. జరగడానికి వీల్లేనిది ఏదీ కథలోకి రాకూడదు. నమ్మశక్యం కానంత వింత కూడా కుదరదు. కథానాయకుడు తనే, అయినా రాజు కాలేడు, ఆరడుగుల అందగాడూ కాలేడు. ఉన్నవాడు ఉన్నట్టుగానే ఉండి, ఆ హద్దుల్లోనే కథ ముందుకు సాగాలి. మనసుకు ఇది ప్రమాదకరమైన అలవాటే కావచ్చునని పెద్దయ్యాక ఆత్మకథలో ఒప్పుకుంటూనే, ఇది లేకపోతే తను ఒక్క నవలైనా రాసి ఉండేవాడినా అన్నది అనుమానమే అన్నాడు.

నవలాకారుడి అసలు శిక్షణ ఇక్కడ జరిగింది. ఒక కల్పిత లోకాన్ని నిన్న ఆపిన చోటు నుంచి ఇవాళ అందుకోవడం, దాని నియమాలను తప్పకపోవడం, ఏళ్లు గడిచినా విసుగు చెందకపోవడం. కథానిక రాసేవాడికి ఒక మెరుపు చాలు. నవల రాసేవాడికి ఈ ఓర్పు కావాలి. కాగితం ముట్టకముందే ఆ కుర్రాడికి అది అబ్బింది.

తల్లి ఫ్రాన్సెస్ దగ్గర నేర్చుకున్నది మరొకటుంది. 1827లో బతుకుతెరువు వెతుక్కుంటూ అమెరికా వెళ్లి, దెబ్బతిని తిరిగొచ్చి, అక్కడి జనం తీరుతెన్నుల మీద 1832లో పుస్తకం వేసేనాటికి ఆమెకు యాభై దాటాయి. అప్పుల వాళ్లకు దొరక్కుండా కుటుంబం 1834లో బెల్జియంలోని బ్రూజ్‌కు పారిపోయింది. అక్కడ మంచాన పడిన భర్తకూ, క్షయతో చనిపోతున్న కొడుకుకూ సేవ చేస్తూనే నవలలు రాసి ఇల్లు నడిపింది. మందు సీసాలూ సిరాబుడ్డీ ఆమె గదిలో సమానంగా చోటు పంచుకున్నాయని ఆంథొనీ రాశాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, మిగతావాళ్లు నిద్ర లేచే వేళకు ఆమె తన రాత పని ముగించేది. రాయాలనిపించినప్పుడు రాద్దాంలే అనే మాటకు ఆ ఇంట్లో తావు లేదు.

పన్నెండేళ్ల మౌనం

1834లో ఏడాదికి 90 పౌండ్ల జీతంతో లండన్ పెద్ద పోస్టాఫీసులో గుమాస్తాగా చేరాడు. అక్కడున్న ఏడేళ్లూ ఆలస్యంగా వస్తాడన్న చెడ్డపేరు, అప్పులు. క్రమశిక్షణకు మారుపేరుగా ఇప్పుడు మనం చెప్పుకునే మనిషి పాతికేళ్ల వయసులో అలా ఉన్నాడన్న సంగతిని నేను తప్పకుండా చెబుతాను, ఎందుకంటే "నాకు పుట్టుకతోనే ఆ క్రమం లేదు" అనేది నేను అందరికంటే ఎక్కువగా వినే మాట.

1841లో ఐర్లండ్‌కు బదిలీ. అక్కడ గుర్రమెక్కి ఊళ్లు తిరిగే పని దొరికింది, మనిషి తేరుకున్నాడు. 1843లో డ్రమ్స్‌నా అనే ఊళ్లో ఒక స్నేహితుడితో షికారు వెళ్తూ పాడుబడ్డ ఇల్లొకటి చూశాడు. ఆ ఇంటివాళ్లు ఎవరై ఉంటారు, ఎలా చితికిపోయి ఉంటారు అని అక్కడే ఊహించడం మొదలైంది. అదే మొదటి నవల. అచ్చయ్యేసరికి 1847. దాన్నించి తను ఏమీ ఆశించలేదనీ, ఏమీ రాలేదనీ రాశాడు. 1848లో రెండోది, 1850లో మూడోది వచ్చాయి. మూడోదానికి ముట్టింది 20 పౌండ్లు. నాలుగోదైన 'ది వార్డెన్' 1855లో వచ్చింది. ఆ ఏడాది చివర ప్రచురణకర్త లెక్కచూసి ఇచ్చిన వాటా 9 పౌండ్ల 8 షిల్లింగుల 8 పెన్నీలు.

మొదటి నవల మొదలుపెట్టిన నాటి నుంచి ఈ లెక్క వరకు పన్నెండేళ్లు. ఆ పన్నెండేళ్లూ మామూలు పాఠకుడికి ఆయన పేరే తెలియదు. ఉద్యోగం అన్నం పెడుతోంది గనక నవల తన వేగంతో తను పెరిగింది. "ఉద్యోగం మానేసి పూర్తిగా రాతలోకి దిగుతాను" అనేవాళ్ల ముందు నేను పెట్టేది ఈ తేదీలే. ఆయన రాజీనామా చేసింది 1867లో, పేరూ డబ్బూ రెండూ వచ్చాక, ఆశించిన పై పదవి మరొకరికి ఇచ్చిన మూడేళ్లకు.

గుర్రం మీద నవల

1851 నుంచి రెండేళ్ల పాటు ఇంగ్లండ్ నైరుతి జిల్లాల్లో పల్లెలకు ఉత్తరాలు అందే దారులు సరిచేసే పని అప్పగించారు. పోస్టుమాన్‌ను రోజుకు 16 మైళ్లకు మించి నడిపించకూడదని నిబంధన. ఏ ఇంటికి ఏ దారిన వెళితే ఆ 16 మైళ్లలో ఎక్కువ ఇళ్లు కలుస్తాయో తనే వెళ్లి చూడాలి. రోజుకు సగటున 40 మైళ్లు గుర్రం మీద తిరిగేవాడు. పొలాల్లో, పాదిరీల ఇళ్లలో, జమీందార్ల బంగళాల్లో ఆగి "మీ ఉత్తరాలు ఎలా వస్తున్నాయి, ఎవరు తెస్తున్నారు, దానికి డబ్బేమైనా అడుగుతున్నారా" అని ఆరా తీసేవాడు. (వీధిలో నిలబెట్టే పోస్టు డబ్బా బ్రిటిష్ తపాలాలోకి వచ్చింది ఆయన సిఫారసు మీదే, 1852లో, జెర్సీ దీవిలో.)

ఒక నవలాకారుడికి ఇంతకంటే మంచి ఉద్యోగం ఏముంటుంది? ప్రతి తలుపూ తట్టే హక్కు ఉంది. ఎవరింట్లో ఎంత గౌరవంగా కూర్చోబెట్టారో, ఎవరు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడారో తెలుస్తుంది. ఈ తిరుగుళ్లలోనే సాల్స్‌బరీ చేరి, వేసవి సాయంత్రం అక్కడి పెద్ద చర్చి చుట్టూ పచార్లు చేస్తుంటే 'ది వార్డెన్' కథ తట్టింది. బార్సెట్‌షైర్‌లోని బార్చెస్టర్ అనే ఊరు, దాని బిషప్పులు, ఆర్చ్‌డీకన్లు (బిషప్పు కింద చర్చి పాలన చూసే అధికారులు), వాళ్ల భార్యలు అక్కణ్ణించి పుట్టుకొచ్చారు.

విశేషమేమంటే, తనకు తెలిసినంతవరకు అప్పటికి తను ఒక్క ఆర్చ్‌డీకన్‌తోనూ మాట్లాడి ఎరగనన్నాడు. తన ఆర్చ్‌డీకన్ అచ్చం నిజం మనిషిలా ఉన్నాడని పాఠకులు మెచ్చుకుంటుంటే, ఆ పదవిలో ఉన్నవాడు ఎలా ఉండాలో ఊహించి రాశానని చెప్పాడు. వింటే నమ్మలేం గానీ, ఆఫీసుల్లో పై అధికారి, కింది ఉద్యోగి, మధ్యలో నలిగేవాడు ఎలా మాట్లాడుకుంటారో ఆయనకు కొట్టినపిండి. చర్చి అయినా తపాలా శాఖ అయినా అధికారం నడిచే తీరు ఒకటే. పరిశోధన పూర్తి కాలేదని నవలను ఏళ్లకేళ్లు వాయిదా వేసేవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. వాళ్లకు తెలిసిన లోకం ఏదో, అది ఈ కథలో ఏ వేషంలో పనికొస్తుందో ముందు చూడమంటాను.

తర్వాత గుర్రం తగ్గి రైలు ఎక్కువైంది. రైల్లో ఊరికే కూర్చోవడం ఇష్టం లేక ఒళ్లో పెట్టుకుని రాసేందుకు చిన్న రాతబల్ల చేయించుకున్నాడు. కొద్ది రోజుల్లోనే ఇంట్లో బల్ల ముందు రాసినంత వేగంగా రైలు పెట్టెలో రాయడం అలవాటైంది. పెన్సిల్‌తో రాసేవాడు. ఇంటికొచ్చాక భార్య రోజ్ దాన్ని సాపు రాసిపెట్టేది. 1857లో వచ్చిన 'బార్చెస్టర్ టవర్స్' ఎక్కువ భాగం అలా తయారైందే. నలుగురు చూస్తుండగా రాయడానికి మొదట్లో సిగ్గుపడ్డానని కూడా చెప్పాడు. హైదరాబాద్ మెట్రోలో ఫోన్ మీద రాసుకునే కుర్రవాళ్లకు ఈ సంగతి చెబితే ముఖం వెలుగుతుంది.

ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు

1859 చివర లండన్‌కు దగ్గర్లో వాల్తమ్ క్రాస్ అనే చోట ఇల్లు తీసుకున్నాడు. అక్కడ నడిచిన దినచర్యే ఆత్మకథ ద్వారా ప్రసిద్ధమైంది. ఐదున్నరకల్లా బల్ల ముందు కూర్చోవాలి. గుర్రాల పని చూసే ముసలి నౌకరు కాఫీతో వచ్చి లేపుతాడు. దానికి ఏడాదికి 5 పౌండ్లు అదనం. ఆ నౌకరు ఏనాడూ ఆలస్యం చేయలేదనీ, తన విజయానికి అందరికంటే ఎక్కువగా అతనికే రుణపడి ఉన్నాననీ రాశాడు.

మొదటి అరగంట కలం పట్టేవాడు కాదు. నిన్న రాసింది చదివేవాడు, చెవితో. మాటల మోత, వాక్యం నడక సరిగ్గా పలుకుతున్నాయో లేదో వింటూ చదివేవాడు. ఈ అరగంటను ఎవరూ తలుచుకోరు. నాకు మటుకు ఈ దినచర్యలో అన్నిటికంటే విలువైనది ఇదే. నిన్నటి తప్పులు దొరుకుతాయి, అది ఒక లాభం. అంతకంటే పెద్ద లాభం, నవల గొంతు మళ్లీ చెవిలో పడుతుంది. రెండు రోజులు విడిచి కూర్చున్నవాడి మూడో అధ్యాయం వేరే మనిషి రాసినట్టు ఉండటం నేను చిత్తుప్రతుల్లో తరచూ చూస్తుంటాను. ఆ అతుకు కనపడకుండా చేసేది ఈ చదువే.

ఆ తర్వాత గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటలు. మిగిలిన రెండున్నర గంటలకు లెక్కేస్తే 2,500 మాటలు. ఆయన పేజీకి 250 మాటలు గనక పది పేజీలు. అప్పటి పద్ధతిలో మూడేసి సంపుటాలుగా వచ్చే నవలలు, పది నెలలు ఇలా సాగితే, ఏడాదికి మూడు పూర్తవుతాయని తనే లెక్క కట్టాడు.

ఇక రెండో లెక్క. నవల మొదలుపెట్టేముందు వారాలుగా గీతలు గీసిన పుస్తకం ఒకటి తయారు చేసుకునేవాడు. ఏ రోజు ఎన్ని పేజీలు రాసిందీ అందులో ఎక్కించేవాడు. రెండు రోజులు సోమరితనం చేస్తే ఆ ఖాళీ గడులు ముఖం మీదే నిలదీస్తాయి. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి. వారానికి సగటు 40 పేజీలు అని చెప్పాడు. ఒక్కోసారి 20కి పడిపోయింది, ఒకసారి 112కు ఎగబాకింది.

ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. పొద్దుటికి పది పేజీలు, వారానికి నలభై. అంటే సగటున వారానికి నాలుగు పొద్దుల పంట. మిగతా మూడు రోజులూ వేట, ప్రయాణం, జబ్బు, ఆఫీసు ఒత్తిడి, ఏవైనా కావచ్చు. రోజూ తప్పకుండా రాసిన యంత్రం అని మనం ఊహించుకునే మనిషి లెక్కలోనే అంత వెసులుబాటు ఉంది. ఒక పూట తప్పిందని నవలే మానేసేవాళ్లకు నేను ఈ కూడికను కాగితం మీద వేసి చూపిస్తాను.

తెలుగులో రాసేవాళ్లు ఆయన 250 మాటలను ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. ఇంగ్లిష్‌లో మూడు నాలుగు మాటలయ్యేది మన దగ్గర విభక్తులన్నీ కలిసి ఒక్క మాటైపోతుంది. తెలుగులో 250 మాటలంటే అంతకంటే చాలా పెద్ద పని. మీ చేతిరాతలో ఒక పేజీ ఎంతో అదే కొలతగా పెట్టుకుంటే చాలు.

మిగతా ఇరవై ఒకటి

ఆత్మకథలోనే మరో చోట, గడియారం గురించి చెప్పినంత సూటిగా, నవలాకారుడు తన పాత్రలతో కలిసి బతకాలని రాశాడు. పడుకునేటప్పుడూ లేచేటప్పుడూ వాళ్లు పక్కనే ఉండాలి. వాళ్లతో వాదించాలి, పోట్లాడాలి, క్షమించాలి. తన మనసులోని పాత్రల వరుసలో ప్రతి ఒక్కరి గొంతు తీరు, జుట్టు రంగు, కట్టుకునే బట్టలు తనకు తెలుసన్నాడు. నెల చివరి రోజున ప్రతి పాత్రా నెల మొదటి రోజు కంటే ఒక నెల పెద్దదై ఉండాలన్నాడు. బార్సెట్‌షైర్ మనుషులు ఒక నవల నుంచి ఇంకో నవలకు వచ్చేసరికి ముదిరి, మెత్తబడి, బిగుసుకుపోయి కనిపించడం ఈ పట్టింపు వల్లే.

కొన్నిసార్లు కొండల మధ్య ఏ చుట్టమూ స్నేహితుడూ లేని ఊరికి వెళ్లిపోయేవాడు. రాళ్లలో, అడవుల్లో ఒంటరిగా తిరుగుతూ తన పాత్రల దుఃఖానికి ఏడ్చాననీ, వాళ్ల తెలివితక్కువతనానికి నవ్వుకున్నాననీ రాశాడు. అలాంటప్పుడు రోజువారీ పేజీలు రెట్టింపయ్యేవి. వేగంగా రాసిందే బాగా వచ్చిందని కూడా అన్నాడు, కానీ వెంటనే ఒక షరతు పెట్టాడు: ఆ వేగం కథను ఊహించడంలో కాదు, ఊహించినదాన్ని చెప్పడంలో. గడియారం పద్ధతిని అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క షరతు చాలు. వెనక నెలల తరబడి బతికిన బతుకు ఉంటేనే పావుగంటకు 250 మాటలు వస్తాయి.

కథ ఎత్తుగడలో తను బలహీనుణ్ణని ఆయనకు తెలుసు. 1858లో వచ్చిన 'డాక్టర్ థోర్న్' కథను అన్న టామ్ చెప్పాడు. మనుషులు మటుకు ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు. ఆ నవల రాస్తుండగానే ఈజిప్టు ప్రభుత్వంతో తపాలా ఒప్పందం కోసం అలెగ్జాండ్రియాకు ఓడ ప్రయాణం వచ్చింది. ఫిబ్రవరి నెల, సముద్రం అల్లకల్లోలం. రాస్తూ రాస్తూ కాగితాలు బల్ల మీద వదిలేసి, లోపలికి పరుగెత్తి వాంతి చేసుకుని మళ్లీ వచ్చి రాశాడు. అలెగ్జాండ్రియాలో ఆ నవల ముగించి, మర్నాడే 'ది బెర్ట్రమ్స్' మొదలుపెట్టాడు. దీన్ని మొండితనం అంటారు చాలామంది. నేను మరోలా చదువుతాను. చిన్నప్పటి నుంచి మనసులో ఏదో ఒక కథ నడుస్తూ ఉండటం అలవాటైన మనిషికి, ఒకటి ముగిసిన మర్నాడు ఖాళీగా ఉండటమే కష్టం.

మా బృందంలో ఒక బడి పంతులమ్మ ఉన్నారు. పరీక్ష పేపర్లు దిద్దే వారాల్లో ఆవిడ పేజీల లెక్క పుస్తకంలో అన్నీ సున్నాలే. పేజీల సంఖ్య తగ్గించుకోమని చెప్పి చూశాను, ఫలితం లేదు. అప్పుడు పేజీల మాట పక్కనపెట్టి, బస్సులో వెళ్లేటప్పుడు మీ కథలోని కోడలు మీ పక్క సీట్లో కూర్చుందనుకోండి, దారిలో ఏం చూసి ఏమంటుందో గమనించండి, రాయక్కర్లేదు అన్నాను. కొన్నాళ్లకు ఆవిడ చెప్పిన మాట: "మా అత్తగారి కాడ ఈ మాట అంటే ఊరుకునేదా అని అనిపిస్తోందండీ, ఆ అమ్మాయి నోరు నాకంటే పెద్దది." ఆ సెలవుల్లో అధ్యాయం తర్వాత అధ్యాయం రాసుకుంటూ పోయారు. ఆ పుస్తకంలో సున్నాలు పడ్డ వారాలు నిజానికి ఖాళీ వారాలు కావు.

ప్రౌడీ గారి భార్య చావు

బార్సెట్‌షైర్ నవలల్లో బిషప్ ప్రౌడీ భార్య పెత్తనానికి పెట్టింది పేరు. ఒకరోజు లండన్‌లోని ఎథీనియం క్లబ్బులో కూర్చుని ఆ వరుసలో చివరి నవల రాస్తున్నాడు ట్రోలప్. పక్కనే ఇద్దరు పాదిరీలు చేతిలో పత్రికలు పెట్టుకుని ఆయన నవలలను చీల్చి చెండాడుతున్నారు. పాత పాత్రలనే మళ్లీ మళ్లీ తెస్తున్నాడు, ఆ ప్రౌడీ భార్యనైతే భరించలేకపోతున్నాం అని. లేచి వెళ్లి తనెవరో చెప్పి, "ఇప్పుడే ఇంటికెళ్లి వారం తిరక్కుండా ఆమెను చంపేస్తాను" అన్నాడు. అన్నట్టే చేశాడు.

ఈ కథను అందరూ తమాషాగా చెప్పుకుంటారు. దాని తర్వాత ఆయన రాసింది చదివితే తమాషా ఉండదు. ఆ పని చేసినందుకు అప్పుడప్పుడు బాధపడ్డానన్నాడు, అంతగా ఆమెను తెలుసుకున్నానన్నాడు. ఆమె గయ్యాళి అయినా నిజాయతీ గలదనీ, భర్తను తనే పాడు చేశానని తెలిసిన క్షణంలో పశ్చాత్తాపంతో గుండె పగిలిందనీ సమర్థించాడు. 'ది లాస్ట్ క్రానికల్ ఆఫ్ బార్సెట్'లో ఆ చావు చదివినవాళ్లకు తెలుసు, రెండు మాటల్లో తుడిచేసిన పాత్ర కాదది. ఎవరో అన్న మాటకు మొదలైన నిర్ణయం కూడా, ఏళ్లుగా ఆమెతో కలిసి బతికినందువల్ల, నవలలో బలమైన ఘట్టంగా తేలింది.

సీరియల్ విషయంలో పట్టింపు

మన తెలుగు నవల వారపత్రికల సీరియళ్ల మీద పెరిగింది. ఈ తరంలో అధ్యాయం రాయగానే ఆన్‌లైన్‌లో పెట్టేస్తున్నారు. ట్రోలప్ నవలలు కూడా చాలావరకు సీరియళ్లుగానే వచ్చాయి, కానీ నవల మొత్తం పూర్తయ్యేదాకా మొదటి భాగం అచ్చుకు ఇవ్వకూడదన్నది ఆయన నియమం. చివరికి తగ్గట్టు మొదలును సరిదిద్దుకునే హక్కు రచయిత చేతిలో ఉండాలన్నాడు. ఆ నియమం తప్పిన సందర్భం 'ఫ్రామ్లీ పార్సనేజ్'. ఇంగ్లిష్ నవలాకారుడు థాకరే సంపాదకుడిగా 1860 జనవరిలో మొదలవుతున్న 'కార్న్‌హిల్ మ్యాగజీన్'కు నవల కావాలి, 1,000 పౌండ్లు ఇస్తాం, కథ చర్చి వాళ్ల గురించి ఉంటే బాగుంటుందని అడిగారు. గడువు చాలా తక్కువ. ఐర్లండ్‌కు తిరుగు ప్రయాణంలో రైల్లోనే మొదటి పేజీలు రాశాడు. ఆ సీరియల్‌తోనే ఇంటింటా తెలిసిన రచయిత అయ్యాడు.

నియమం తప్పినా నవల గెలిచింది గనక నియమం అక్కర్లేదని కొందరు అంటారు. కానీ ఆ పాటికి బార్సెట్‌షైర్ ఆయన మనసులో ఏళ్లుగా ఉంది. ఊరు, దారులు, ఎవరి చుట్టం ఎవరు, అన్నీ సిద్ధం. కొత్త లోకాన్ని సీరియల్ గడువు మీద కట్టబోతే ఏమవుతుందో సగంలో ఆగిన మన ఆన్‌లైన్ నవలలు చూస్తే తెలుస్తుంది.

ఖర్చు ఎవరు భరించారు

ఈ పద్ధతి ఒక్కడి క్రమశిక్షణతో నడిచింది కాదు. రోజ్ ఏళ్ల తరబడి సాపు రాసింది. నౌకరు ఆయనకంటే ముందు లేచాడు, కాఫీ పెట్టాడు. ముసలితనంలో చేతికి రాత పట్టు తప్పాక భార్య చెల్లెలు కూతురు ఫ్లోరెన్స్ బ్లాండ్ ఆయన చెబుతుంటే రాసింది. మన దగ్గరా విశ్వనాథ చెబుతుంటే 'వేయిపడగలు' రాసిపెట్టింది తమ్ముడు వెంకటేశ్వర్లు. పెళ్లయిన మగవాళ్లు ఈ దినచర్యను మెచ్చుకున్నప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటే: మీకు ఐదున్నరకు కాఫీ ఎవరు పెడుతున్నారు? అదే మూడు గంటలు మీ ఇంటావిడ అడిగితే పిల్లల డబ్బాలు ఎవరు కడతారు? ఫ్రాన్సెస్ ట్రోలప్ నాలుగింటికి లేవడానికి కారణం ఆ వేళకు తప్ప ఆమె కాలం ఆమె చేతిలో ఉండకపోవడం.

రెండో ఖర్చు పేరు రూపంలో వచ్చింది. 1875, 76లలో రాసిన ఆత్మకథను తను పోయాక అచ్చువేయమని కొడుకు హెన్రీకి అప్పగించాడు. 1883లో అది వచ్చింది. రాత బల్ల దగ్గర ప్రేరణ కంటే మనిషిని కుర్చీకి అతికించే, చెప్పులు కుట్టేవాడి మైనం మేలన్న మాట, పుస్తకాల ఆదాయం 68,939 పౌండ్ల 17 షిల్లింగుల 5 పెన్నీలు అన్న పట్టిక చూసి చాలామంది మొహం చిట్లించారు. చాలాకాలం ఆయన పేరు మసకబారడంలో ఆ పుస్తకానికి వాటా ఉంది. పాత్రలతో బతకడం గురించి రాసిన పేజీలు అదే పుస్తకంలో ఉన్నాయి. వాటిని చదవకుండా పట్టికనే చదివారు. అన్ని నవలలూ ఒకే స్థాయివని నేను అనను. మీదమీద రాసినప్పుడు కొన్నిచోట్ల పాత ప్రేమకథే కొత్త పేర్లతో వస్తుంది, ఆ పలచదనం పాఠకుడికి తెలుస్తుంది.

65,000 మాటలు తీసేసిన చేయి

ఆయన రాసింది దిద్దడని మరో అపవాదు. దానికి జవాబు అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్న 'ది డ్యూక్స్ చిల్డ్రన్' రాతప్రతి. నాలుగు సంపుటాల నవలగా 1876లో రాశాడు. తర్వాత దాన్ని మూడు సంపుటాలకు కుదించాల్సి వచ్చింది. అధ్యాయాలకు అధ్యాయాలు ఎత్తేస్తే పని తేలిగ్గా అయిపోయేది. ఆయన అలా చేయలేదు. ప్రతి పేజీలో కూర్చుని ఇక్కడో మాట, అక్కడో వాక్యం, ఇంకోచోట ఒక పేరా కొట్టేస్తూ, కొట్టేసిన చోట రెండు వైపులా అతుకుతూ, దాదాపు 65,000 మాటలు తీసేశాడు. ఏ ఘట్టమూ ఎగిరిపోలేదు. అలా కుదించిన నవలే 1879, 80లలో సీరియల్‌గా వచ్చింది. తీసేసిన భాగాలన్నీ తిరిగి చేర్చిన పూర్తి పాఠం 2015లో అచ్చయింది.

రెండు పాఠాలూ పక్కన పెట్టుకుని చదవడం నవల రాసేవాళ్లకు గొప్ప పాఠశాల. కొట్టేసిన మాటల్లో ఎక్కువ భాగం తప్పులు కావు. ఒక మనిషి ఆలోచన మలుపు తిరిగే చోట ఇంకొంచెం సేపు నిలబడిన వాక్యాలు. అవి పోయాక కథ అలాగే ఉంది, మనుషులు కొంచెం సన్నబడ్డారు. డ్యూక్ గారి మొండితనం వెనక దుఃఖం కుదించిన పాఠంలో తొందరగా దాటిపోతుంది, పూర్తి పాఠంలో మనల్ని ఆపుతుంది. చిత్తుప్రతిని మూడో వంతు తగ్గించమని ప్రచురణకర్త అడిగాడని దిగులుగా వచ్చినవాళ్లతో ఇప్పుడు నేను చేయిస్తున్నది ఇదే: ముందు ఒక్క అధ్యాయం తీసుకుని మాట మాట చొప్పున కొట్టండి, కొట్టేసినవి వేరే కాగితం మీద రాసి పెట్టుకోండి, ఆ కాగితం ఒక్కటే చదివి చూడండి. అందులో మీ పాత్ర గొంతు వినిపిస్తే ఆ వాక్యాలు వెనక్కి రావాలి. వినిపించకపోతే ప్రచురణకర్త అడిగింది ఇచ్చేయండి.